సత్యం కంప్యూటర్స్ పతనం: గణాంకాల సాక్ష్యం

చరిత్ర రచనలో గణాంకాలను తిరుగులేని సాక్ష్యాలుగా స్వీకరించడం పరిపాటి. ఆ అంకెలే అబద్ధమైతే పరిశోధకునికి మార్గమేమిటి? 1987లో హైదరాబాదులో స్థాపితమైన సత్యం కంప్యూటర్ సర్వీసెస్ ఉదంతాన్ని ఈ ప్రశ్నతో పరిశీలించవచ్చు.

2009 జనవరి 7న సంస్థ ఛైర్మన్ బి. రామలింగరాజు డైరెక్టర్ల బోర్డుకు రాసిన లేఖలో 2008 సెప్టెంబరుతో ముగిసిన త్రైమాసికానికి రెండేసి లెక్కలున్నాయి. ప్రకటించిన ఆదాయం 2,700 కోట్ల రూపాయలు, వాస్తవం 2,112 కోట్లు. ప్రకటించిన నిర్వహణ లాభం 649 కోట్లు, వాస్తవం 61 కోట్లు.

రెండింటిలోనూ తేడా 588 కోట్లే. ఆదాయం నుంచి లాభాన్ని తీసివేస్తే రెండు లెక్కల్లోనూ వ్యయం 2,051 కోట్లే వస్తుంది. అంటే కల్పిత ఆదాయమంతా ఖర్చు లేకుండానే లాభంగా మారింది. ఆ లాభం ఎక్కడో నగదుగా కనిపించాలి కనుక బ్యాంకు నిల్వలనూ కల్పించవలసి వచ్చింది. ఖాతాల్లోని 5,361 కోట్ల నిల్వల్లో 5,040 కోట్లు లేనివేనని ఆ లేఖే చెబుతుంది.

కాబట్టి పతనం 2009లో మొదలైనది కాదు. ఆనాడు బయటపడినది మాత్రమే. వాస్తవ ఆదాయంలో నూటికి 97 రూపాయలు ఖర్చులకే పోతుండగా సంస్థ 24 శాతం లాభం ప్రకటించింది. ఈ అంతరం కొన్నేళ్లుగా పెరుగుతూ వచ్చిందని లేఖ అంగీకరించింది.

అయితే ఒప్పుకోలు లేఖ కూడా ఒక పక్షపు సాక్ష్యమే. దర్యాప్తు అనంతరం 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక న్యాయస్థానం ఇచ్చిన తీర్పుతో దానిని సరిపోల్చి చదవాలి. పట్టికలోని అంకెను ఉటంకించే ముందు దానిని నమోదు చేసినవారెవరో, దానివల్ల లబ్ధి పొందినవారెవరో అడగడం పరిశోధకుని మొదటి బాధ్యత.