విషలతయు, మన నల్లజీడియు



నేడు నేను చెప్పబోవునది యొక తీగను గూర్చిన చరిత్ర. ఆ తీగ మన దేశమున మొలవదు. ఉత్తర అమెరికాఖండమున అడవుల యంచులను, కంచెల వెంబడిని, ఇండ్ల పెరళ్లలోను విరివిగా పెరుగును. ఆంగ్లేయులు దానిని 'పాయిజన్ ఐవీ' యందురు. నేను విషలత యనెదను. మనయూర లేని తీగతో మనకేమి పని యని మీరడుగవచ్చును. మీలో పెక్కుమంది బిడ్డలు నేడా దేశమున కాపురములు చేయుచున్నారు. పురుళ్లకును పండుగలకును మీరును పోయి వచ్చుచున్నారు. అది యొక కారణము. అంతకంటె ముఖ్యమైనది మఱియొకటి కలదు. ఆ తీగకును మన నల్లజీడికిని దగ్గఱ చుట్టరికము. ఆ చుట్టరికమును నేను గ్రంథములలోగాక మొదట నా చేతులపైననే చదువుకొంటిని.

కొన్నియేండ్ల క్రిందట న్యూజెర్సీలో మా అమ్మాయి యింటికి పోయియుంటిని. దసరా దినములు. గడపకు తోరణము కట్టుదమన్న ఆనాడు మామిడాకు దొరకలేదు. పెరటివెనుక నొక పెద్దమానుకు ప్రాకిన తీగ కానవచ్చెను. దాని యాకులు కుంకుమవలె నెఱ్ఱబారి యుండెను. మారేడుదళము మాదిరిగా మూడేసి యాకులు! చూచి మురిసిపోయితిని. అంగవస్త్రము నిండ కోసికొని వచ్చితిని. ఆఱేండ్ల మనుమరాలు ప్రక్కన కూర్చుండి దారమందించుచుండగా తోరణము కట్టితిని. సాయంకాలమునకు ఇంటికి వచ్చిన మా అల్లుడు గడపయొద్దనే నిలిచిపోయి, "మామయ్యగారూ, ఇది ఎక్కడిది?" అనెను. తప్పు చేసితినని అతని మొగము చూచియే తెలిసికొంటిని. దానిని తీసి ఎండుటాకులతోపాటు మంటలో వేయబోగా, అతడు నా చేయి పట్టుకొని ఆపెను. ఆ యాపుట యెంత మేలు చేసినదో వెనుకకు గాని నాకు తెలియలేదు.

రెండవనాటికి నా ముంజేతులపై గీతలు గీచినట్లు ఎఱ్ఱని చాళ్లు లేచెను. వానిపై నీటిపొక్కులు. ఆ దుర భరింపరానిది. నా బాధ నటుండనిండు. మూడవనాడు ఉదయమున మనుమరాలికి రెండు కన్నులును వాచి మూసికొనిపోయెను. "తాతయ్యా, తెల్లవారలేదా?" అని ఆ బిడ్డ అడిగినమాట నేటికిని నా చెవులలో నున్నది.

ఈ తీగను గూర్చి తెల్లవారు వ్రాసిన తొలివ్రాతలలో నొకటి 1624 నాటిది. కాప్టెన్ జాన్ స్మిత్ అనునతడు వర్జీనియా మొదలగు సీమల చరిత్రమును వ్రాయుచు, ఇంగ్లండులోని ఐవీతీగను పోలిన మొక్క యొకటి కలదనియు, తాకినమాత్రమున ఎఱుపును దురదయు పొక్కులును కలుగుననియు, కొన్నినాళ్లకు అవి వానియంతట నవియే పోవుననియు వ్రాసెను. నాలుగువందల యేండ్ల క్రిందటి యీ సాక్ష్యములో కొట్టివేయదగిన మాట యొక్కటియు లేదు. ఆయన తరువాత వచ్చిన పండితులే దారి తప్పిరి. 1635లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు కోర్న్యూ కెనడా మొక్కలను గూర్చి గ్రంథము ప్రకటించెను. ఆయన ఆ ఖండమున అడుగిడినవాడు కాడు; పారిసు తోటలకు తెప్పించిన మొక్కలను చూచి వ్రాసెను. దీనిని మూడాకుల ఐవీ యనియే తలచెను. ఐవీకిని దీనికిని ఏ సంబంధమును లేదు.

పిమ్మట చాలకాలము జనులను పీడించిన భ్రమ యొకటి కలదు. ఆ తీగను తాకనక్కఱలేదనియు, దాని నుండి వెడలు ఆవిరియే మనుష్యుని సోకుననియు తలచిరి. పందొమ్మిదవ శతాబ్దిలో రసాయనజ్ఞులు సయితము ఆవిరియైపోవు ఆమ్లమే దీనికి మూలమనిరి. 1897లో హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫ్రాంజ్ ఫాఫ్ అను శాస్త్రజ్ఞుడు ఆ మాటను త్రోసివేసెను. దోషము గాలిలో లేదు. తీగ సొనలోనున్న నూనెయందున్నది. ఆ నూనె ఆవిరిగా పోవునది కాదు అని ఆయన నిరూపించెను. ఇది చిన్న సంగతి కాదు. గాలి యైనచో చేయగలిగినది లేదు. నూనె యైనచో కడుగవచ్చును.

ఆ నూనె స్వరూపమును తేల్చినవారు జపానీయులు. వారి దేశమున ఉరుషి యను చెట్టున్నది. దాని పాలతో పెట్టెలకును పళ్లెములకును నిగనిగలాడు మెఱుగు పెట్టుదురు. ఆ పని నేర్చుకొనువారికి మొదట చేతులు పొక్కుట మామూలు. మాజిమా రికో అను రసాయనాచార్యుడు ఏండ్ల తరబడి శ్రమించి, 1922 నాటికి ఆ పాలలోని ద్రవ్యపు నిర్మాణమును వెల్లడించెను. దానిపేరు ఉరుషియోల్. విషలతలో నున్నదియు ఆ జాతి ద్రవ్యమే.

నన్ను పరీక్షించిన వైద్యుడు ఒక ప్రశ్న వేసెను. "ఈ తీగను ఇంతకుముందెన్నడైన తాకితిరా?" లేదంటిని. "అట్లైన ఇంత త్వరగా రాగూడదు. తొలిసారి తగిలినవారికి వారము పదిదినములైనను పట్టును; పలువురకు ఏమియు కాదు. మీ శరీరము దీనిని ముందే యెఱుగును" అనెను. మామిడిసొన, జీడిమామిడి పిక్కల తొక్క నూనె ఎన్నడైన తగిలినవా యని యడుగసాగెను. అప్పుడు నాకు పదియేండ్ల ప్రాయమున జరిగినది జ్ఞప్తికి వచ్చెను. మాయింటి బట్టలుతుకు రజకుడు జీడిగింజను సూదితో పొడిచి, ఆ రసముతో బట్టమూలను గుర్తు వేసి, సున్నమద్దెడివాడు. ఆ గుర్తు బట్ట చిరిగినను చెఱగదు. నేనొక గింజ దొంగిలించి, ముంజేతిపై నా పేరు వ్రాసికొంటిని. పేరంతయు పుండై నెల్లాళ్లు బాధించెను. చెట్టుగాలి సోకినదని మా మేనత్త దిష్టి తీసెను. అమెరికాలోని రసాయనజ్ఞులు ఒకప్పుడు పడిన భ్రమయు అదియేగదా!

నల్లజీడి, జీడిమామిడి, మామిడి, ఉరుషి, విషలత - అన్నియు ఒక్క కుటుంబమే. చరకసంహితలో రసాయనముగా చెప్పబడిన భల్లాతకము మన నల్లజీడియే. వైద్యులు దానిని ఇటుకపొడితో శుద్ధిచేయక వాడరు. నాకు జరిగినదానికి సరిగా ఎదురుగా జరిగినది చరిత్రలో నున్నది. రెండవ ప్రపంచయుద్ధకాలమున మన దేశమునకు వచ్చిన అమెరికా సైనికులు కొందఱకు మెడ మీదను, బట్టగుర్తు తగులుచోట్లను పొక్కులు లేచెను. వారి వైద్యులు వెదకి వెదకి, చాకిరేవు జీడిగుర్తే కారణమని కనుగొని 1943లో తమ వైద్యసంఘపు పత్రికలో ప్రకటించిరి. తమ దేశమున విషలతవలన మేలుకొన్న శరీరము ఇచ్చట జీడిని గుర్తుపట్టినది. నా శరీరము జీడిని నేర్చి అచ్చట విషలతను గుర్తుపట్టినది.

ఇక చేయవలసినది. మూడేసి యాకుల గుత్తులు, నడిమియాకునకు పొడుగైన కాడ, మ్రాకున ప్రాకిన ముదురుతీగకు నూగువంటి వేళ్లు - వీనిని చూచిన తొలగిపొండు. ఆకు రాలినను తీగలో నూనె యుండును. తాకినచో క్షణమైన ఆలసింపక సబ్బుతో, సమృద్ధిగా నీటితో కడుగుడు, గోళ్లసందులు మఱవకుడు. కట్టుబట్టలను, కత్తిని, కుక్కను గూడ కడుగవలెను, ఏలయన ఆ నూనె వానిపై చిరకాలము నిలుచును. ఎన్నడును కాల్పకుడు. పొగతో నూనె ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణముమీదికి తెచ్చును. పొక్కులలోని నీటియందు విషము లేదు. అది యొకరినుండి యొకరికి అంటదు. కొన్నిచోట్ల ముందును కొన్నిచోట్ల వెనుకను లేచుటచే ప్రాకుచున్నట్లు తోచునంతే. చల్లని తడిగుడ్డయు, కాలమైన్ ద్రావకమును దురదను తగ్గించును. రెండు మూడు వారములలో తానే మానును. మొగమునకుగాని, కన్నులకుగాని, మర్మస్థానములకుగాని వచ్చినను, ఊపిరి బరువైనను వైద్యునియొద్దకు పోవలసినదే. ఆయన స్టెరాయిడ్ మాత్రలిచ్చినచో, నాలుగునాళ్లకు నెమ్మదించినదని మానివేయరాదు, మానినచో తిరుగబెట్టును.

మనుమరాలికి ఆ మందుతో అయిదవనాటికి కన్నులు విడెను. ముందటి వేసవిలో ఆమెకొకమారు ఆ తీగ తగిలినదట. అప్పుడు పచ్చగా నుండెను గనుక ఎఱ్ఱని యాకులను ఆ బిడ్డ పోల్చలేకపోయినది. నా అంగవస్త్రమును మా అమ్మాయి విడిగా వేడినీటిలో సబ్బుతో రెండుమార్లు ఉతికినది. తీగ సొన పోయినది. మాయూరి రజకుడు వేసిన జీడిగుర్తు మాత్రము దాని యంచున ఇంకను నల్లగా నట్లే యున్నది.