పాలమూరు, నల్గొండ ప్రాంతాల మ్యూజియములు, రాజప్రాసాదాలు, యక్షగానము

దక్షిణ తెలంగాణలోని పూర్వపు మహబూబ్‌నగర్ (పాలమూరు), నల్గొండ జిల్లాలు పురావస్తు మ్యూజియములకు, సంస్థానాధీశుల కోటలకు, చిందు యక్షగానమనే సంప్రదాయ నాటకకళకు నెలవులు. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనలో ఈ రెండు జిల్లాలు పలు చిన్న జిల్లాలుగా ఏర్పడినవి. నారాయణపేట 2019లో వేరు జిల్లా అయినది. అందువలన పాత పుస్తకాలలో మహబూబ్‌నగర్ జిల్లాకు చెందినవిగా కనిపించే ఆలంపూర్, గద్వాల నేడు జోగులాంబ గద్వాల జిల్లాలోను, కొల్లాపూర్ నాగర్‌కర్నూల్ జిల్లాలోను, నల్గొండ జిల్లాకు చెందిన కొలనుపాక యాదాద్రి భువనగిరి జిల్లాలోను ఉన్నవి.

థాయిలాండు రాజధాని బ్యాంకాకులో మ్యూజియము, రాజప్రాసాదము, నాటకశాల దాదాపు ఒకే పేటలో లభిస్తాయి. అక్కడి జాతీయ మ్యూజియము పూర్వపు ఉపరాజు ప్రాసాదంలోనే నెలకొన్నది. దానికి సమీపంలోని రాజప్రాసాద ప్రాంగణంలో, పచ్చబుద్ధుని ఆలయపు ప్రాకార మండపాలపై, వారి రామాయణమైన రామకియన్ కథ 178 చిత్రఫలకాలుగా చిత్రించబడి ఉన్నది. అదే కథను ముసుగులు ధరించి ఆడే ఖోన్ నాటకానికి 1933లో ప్రారంభమైన చలోమ్ క్రుంగ్ నాటకశాల వేదికగా ఉన్నది. పాలమూరు, నల్గొండ సీమలలో అటువంటి ఒక్క రాజధాని లేదు. పానగల్లు, రాచకొండ, గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ ఒక్కొక్క కాలంలో ఒక్కొక్క వంశానికి రాజధానులు. కనుక శిల్పం ఒక ఊరిలో, కోట మరొక ఊరిలో ఉంటాయి. నాటకానికైతే స్థిరమైన ఇల్లే లేదు.

పానగల్లు

నల్గొండ పట్టణానికి సుమారు 4 కిలోమీటర్ల దూరంలో ఉన్న పానగల్లు కందూరి చోళుల రాజధానులలో ఒకటి. ఇక్కడి ఉదయసముద్రం చెరువు ఆ వంశీయుల నిర్మాణం. వందల సంవత్సరాల తరువాత కూడా అది కాలువల నీటిని నిలువచేసే జలాశయంగా ఉపయోగపడుచున్నది. వనపర్తి జిల్లాలో కొండకోట గల పానగల్లు వేరొక ఊరు. రెండింటినీ ఒకటిగా భావించి వ్రాసిన వ్యాసాలు కొన్ని కలవు.

పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయము మూడు గర్భగుడులు ఒకే మండపానికి తెరుచుకొనే త్రికూటాలయము. వీటిలో ఒక గర్భగుడిలో శివలింగము వెనుక పగలంతా ఒక స్తంభపు నీడ కదలకుండా నిలిచి ఉంటుంది. అది ఏ స్తంభానిదో చూపుమని సందర్శకులు పూజారిని అడగడం పరిపాటి. అది ఏ ఒక్క స్తంభానిదీ కాదని, మండపంలోని పలు స్తంభాల మధ్యనుండి చెదరి లోపలికి చేరే వెలుగు వలన ఏర్పడుతున్నదని భౌతికశాస్త్రజ్ఞుల వివరణ. నేరుగా ఎండ పడితే సూర్యునితో పాటు నీడ కదలవలసి ఉండెడిది. ఇది తెలిసి కట్టినవారి నేర్పు ముందు మహిమ కథలు అవసరం లేదు.

సమీపంలోని పచ్చల సోమేశ్వరాలయపు గోడలపై రామాయణ, భారత ఘట్టాలు చెక్కబడి ఉన్నవి. లింగానికి పచ్చలు పొదిగి ఉండెడివని స్థానికులు చెప్పుకొందురు. ఈ ఆలయ ప్రాంగణంలోనే పురావస్తు శాఖవారి మ్యూజియము కలదు. నల్గొండ జిల్లాలో వివిధ గ్రామాల నుండి సేకరించిన విగ్రహాలు, శాసనాలు ఇందులో భద్రపరచబడినవి. సందర్శకుడు ముందుగా ఆలయ గోడలను చూచి పిమ్మట మ్యూజియములోనికి పోవుట మంచిది. గోడపై తన స్థానంలో ఉన్న శిల్పానికి, పీఠంపై ఒంటరిగా నిలబెట్టిన శిల్పానికి గల భేదం అప్పుడే తెలియును.

కొలనుపాకలో సోమేశ్వరాలయ ప్రాంగణంలో ఇటువంటిదే మరొక మ్యూజియము ఉన్నది. కొలనుపాక జైనులకు పుణ్యక్షేత్రము, వీరశైవులకు రేణుకాచార్యుల జన్మస్థలము. ఒకే ఊరి మట్టిలో జైన, శైవ శిల్పాలు రెండూ దొరకుటకు కారణం ఇదే. ఆలేరు రైల్వేస్టేషను దీనికి దగ్గర.

ముంపు, తరలింపు

ఈ ప్రాంతపు మ్యూజియములను అర్థం చేసుకొనుటకు రెండు ఆనకట్టలను గురించి తెలియవలెను. నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగినది. నీరు నిండకముందే నాగార్జునకొండ లోయలో 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో విస్తృతంగా త్రవ్వకాలు జరిపి, ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అవశేషాలను కొండపైకి చేర్చిరి. ఆ కొండయే నేడు జలాశయం మధ్య ద్వీపము, దానిపైనున్నదే నాగార్జునకొండ మ్యూజియము. అది పాలనాపరంగా ఆంధ్రప్రదేశ్‌లోని పల్నాడు జిల్లాలోనిది.

ఎదురుగా నల్గొండ గట్టున మునిగిన ఏలేశ్వరం ఇంత ప్రసిద్ధి పొందలేదు. అక్కడ రాష్ట్ర పురావస్తు శాఖ తరఫున మహమ్మద్ అబ్దుల్ వహీద్ ఖాన్ త్రవ్వకాలు జరిపి 1963లో గ్రంథం ప్రకటించిరి. హైదరాబాదులో పురావస్తు శాఖకు చెందిన ఏలేశ్వరం పెవిలియన్ ఆ ఊరి పేరును నిలిపి ఉంచినది.

శ్రీశైలం ఆనకట్ట కృష్ణా, తుంగభద్రల సంగమ ప్రాంతాన్ని ముంచినది. అక్కడి ఆలయాలను రాయి రాయిగా విప్పి, ప్రతి రాతికి సంఖ్య వేసి, ఎత్తైన చోట్ల తిరిగి నిలబెట్టిరి. కూడవెల్లి సంగమేశ్వరాలయము ఆలంపూరుకు వచ్చినది. జటప్రోలులోని మదనగోపాలస్వామి, అగస్త్యేశ్వర ఆలయాలు కొత్త జటప్రోలుకు చేరినవి. ఈర్లదిన్నెలోని రాజరాజేశ్వరాలయము మహబూబ్‌నగర్ సమీపాన పిల్లలమర్రి వద్దకు తరలినది. నదీతీరపు గుడిని నది కనిపించని మెట్టభూమిలో చూచుట అక్కడి సందర్శకునకు వింతగా తోచవచ్చును. గుడి నిలిచినది, కాని దాని స్నానఘట్టము, తిరునాళ్ళ బాట, గుడిమాన్యపు పొలము నీటిలో ఉన్నవి. ఊరి జనము మరెక్కడికో పోయిరి. మ్యూజియములలోని వివరఫలకాలపై శిల్పం ఏ శతాబ్దానిదో ఉంటుంది గాని, దానిని కొలిచినవారు ఎక్కడికి తరలిరో ఉండదు.

పిల్లలమర్రిలో సుమారు మూడెకరాలలో విస్తరించిన మర్రిచెట్టు, దాని సమీపంలో జిల్లా పురావస్తు మ్యూజియము ఉన్నవి. 2017 డిసెంబరులో చెదపురుగుల వలన ఒక పెద్ద కొమ్మ విరిగిపడగా, మరుసటి సంవత్సరం చెట్టుకు సెలైను సీసాల ద్వారా మందు ఎక్కించిరి. చెట్టును కాపాడుటకు సందర్శకులను చాలాకాలం లోనికి రానీయలేదు.

ఆలంపూర్

మ్యూజియములలో అగ్రస్థానం ఆలంపూరుకే ఈయవలెను. తుంగభద్ర ఎడమ గట్టున బాదామి చాళుక్యులు క్రీ.శ. 7, 8 శతాబ్దులలో కట్టించిన తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వబ్రహ్మ ఆలయాలు నవబ్రహ్మలుగా ప్రసిద్ధి. పేరులో బ్రహ్మ ఉన్నను ఇవి శివాలయాలే. అష్టాదశ శక్తిపీఠాలలో ఒకటియైన జోగులాంబ ఆలయము 2005లో పునర్నిర్మించబడినది. శ్రీశైలం వెనుక నీటి నుండి రక్షణగా ఊరికి అడ్డుగోడ కట్టబడినది. అయినను 2009 అక్టోబరు వరదలలో ఆలంపూరు మునిగినది.

ఆలయాల ప్రక్కనే ఉన్న మ్యూజియములో నటరాజు, మహిషాసురమర్దిని, నాగ శిల్పాలు చూడదగినవి. వీటిలో లజ్జాగౌరి శిల్పము విశిష్టమైనది. శిరస్సుకు బదులు పద్మముతో, ప్రసవ భంగిమలో ఉండే ఈ దేవతను సంతానం కోరే స్త్రీలు పూజించెడివారు. పూజలందుకొన్న విగ్రహము ప్రదర్శనవస్తువుగా మారిన తరువాత కూడా దానిని తాకి నమస్కరించాలనుకొనే వారుంటారు. మ్యూజియము నిబంధనకు, ఆ స్త్రీల విశ్వాసానికి మధ్య కాపలాదారుడే మధ్యవర్తి.

ఆలంపూరు శాసనాలను, చరిత్రను వెలుగులోనికి తెచ్చినవారిలో గడియారం రామకృష్ణశర్మ ముఖ్యులు. వారి ఆత్మకథ ‘శతపత్రము’నకు మరణానంతరం కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించినది.

సంస్థానాల కోటలు

నిజాం రాజ్యంలో గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత, గోపాల్‌పేట సంస్థానాలు పాలమూరులో ఉండెడివి. నల్గొండ వైపు రాజాపేట సంస్థానము కలదు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు విలీనమైన పిమ్మట, 1949లో జాగీర్దారీ రద్దుతో వీటి అధికారం ముగిసినది. రాజులు పోయిన పిమ్మట అంత పెద్ద భవనాలను ఏమి చేయవలెనను ప్రశ్నకు ఇక్కడ లభించిన జవాబు పాఠశాల, కళాశాల.

గద్వాల కోట పెద సోమభూపాలుని నిర్మాణము, మట్టికోటగా ప్రసిద్ధము. కోటలోపల చెన్నకేశవస్వామి ఆలయము ఉన్నది. చివరి పాలకురాలైన మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరిట డిగ్రీ కళాశాల కోట ఆవరణలోనే నడిచినది. పండితులను ఆదరించుట చేత ఈ సంస్థానానికి ‘విద్వద్గద్వాల’ అని పేరు వచ్చినది. తిరుపతి వేంకట కవులు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలను దర్శించి అవధానాలు చేసిరి. తిరుమల బ్రహ్మోత్సవాలకు ఏటా గద్వాల నేతగాండ్రు నియమంతో నేసి పంపే ఏరువాడ జోడు పంచెలు సంస్థానపు ఆచారాలలో నేటికీ సాగుచున్నది. కోట గోడలు కూలుచుండగా మగ్గం ఆడుచునే ఉన్నది.

వనపర్తి రాజభవనము కృష్ణదేవరాయ పేరిట పాలిటెక్నిక్ కళాశాలకు నిలయమైనది. వనపర్తి రాజులు పోషించిన ఆఫ్రికా సంతతి అశ్వికదళము పిమ్మట నిజాముకు చేరినది. హైదరాబాదులోని ఏ.సి. గార్డ్స్ పేటకు ఆ పేరు వారి వలననే వచ్చినది. మ్యూజియముగా మారిన భవనాన్ని చూచుటకు జనం ఒకసారి వత్తురు. కళాశాలగా మారిన భవనంలోనికి ఆ ప్రాంతపు బాలబాలికలు ప్రతిదినం వత్తురు. చెక్కపని, పైకప్పు దెబ్బతినుట వాస్తవమే అయినను రెండవదానిని తక్కువ చేయరాదు.

జటప్రోలు సంస్థానాధీశులు సురభివారు. రాజధాని జటప్రోలు నుండి కొల్లాపూరుకు మారినది. ఈ వంశీయుడైన సురభి మాధవరాయలు ‘చంద్రికాపరిణయము’ కర్త. 1885లో కడప సీమలోని సురభి గ్రామంలో పుట్టిన సురభి నాటక సమాజానికి, వీరికి సంబంధం లేదు. పేర్లు కలియుట వలన కొల్లాపూరు కోటలో సురభి నాటకాలు పుట్టినవని కొందరు పొరబడుదురు.

చిందు యక్షగానము

నాటకశాస్త్రానికి ఈ సీమ కొత్తది కాదు. రేచర్ల పద్మనాయకుల రాజధాని రాచకొండ నుండి పాలించిన సర్వజ్ఞ సింగభూపాలుడు సంస్కృతంలో ‘రసార్ణవసుధాకరము’ అనే నాట్యలక్షణ గ్రంథాన్ని రచించినాడు. రాచకొండ నేడు బండల మధ్య శిథిలము. అయితే రాజాస్థానపు నాటకం కన్న ఎక్కువ కాలం నిలిచినది మాదిగవాడలలో ఆడిన చిందు భాగోతమే.

చిందువారు మాదిగ కులానికి ఆశ్రిత కులము. ఒక్కొక్క కుటుంబానికి కొన్ని గ్రామాలపై మిరాశీ హక్కు ఉండెడిది. ఆ ఊళ్ళలో ఆడి మాదిగ కుటుంబాల నుండి త్యాగము పుచ్చుకొనుట వారి జీవనాధారము. మాదిగల మూలపురుషుని కథయైన జాంబపురాణము, ఎల్లమ్మ వేషము వీరి ప్రత్యేకతలు. చెంచులక్ష్మి, సారంగధర, మాంధాత, హరిశ్చంద్ర, బాలనాగమ్మ కథలను కూడా రాత్రి మొదలుపెట్టి తెల్లవారువరకు ఆడుదురు. నల్లమల చెంచుల ముంగిట చెంచులక్ష్మి కథ ప్రియమగుట సహజమే.

వేదిక అనునది ఊరి నడుమ ఖాళీస్థలము. ఇద్దరు మనుషులు పట్టుకొనే తెరయే యవనిక. మద్దెల, తాళాలు, హార్మోనియం వాద్యాలు. కిరీటము, భుజకీర్తులు తేలిక కర్రతో చెక్కి అద్దపు బిళ్ళలు అతికించినవి; ముఖానికి అర్దళము పూయుదురు. మహారాజు పాత్ర ధరించినవాడు ఆ కిరీటంతో సింహాసనంగా ఎక్కేది ఒక బల్ల మాత్రమే. తెలుగునాట చాలా నాటక సమాజాలలో పురుషులే స్త్రీపాత్రలు ధరించిన కాలంలో కూడా చిందు స్త్రీలు రంగం ఎక్కిరి. నిజామాబాదు ప్రాంతపు చిందుల ఎల్లమ్మ పురుషపాత్రలను సైతం పోషించి పేరుగాంచినది.

సినిమా, టెలివిజను వచ్చిన పిమ్మట తెల్లవారుదాక కూర్చొనే ప్రేక్షకులు తగ్గిరి. మిరాశీ ఇచ్చే కుటుంబాలు పట్టణాలకు వలస పోయిన కొలది త్యాగము కూడా తగ్గినది. మిరాశీ పోవుటను పూర్తిగా నష్టమని చెప్పుటకు వీలులేదు. అది కళకు ఆధారమైనట్లే చిందువారిని కులానికి కట్టివేసిన తాడు కూడా. వారి పిల్లలు చదువుకొని ఉద్యోగాలకు పోవుట న్యాయమే. చిక్కు ఏమనగా, నాలుగు గంటల కథ నోటికి వచ్చినవారు వృద్ధులు, ఆ కథలలో పెక్కింటికి వ్రాతప్రతులు లేవు. ప్రభుత్వ వేదికలపై పదిహేను నిమిషాలకు కుదించిన ప్రదర్శనలో వేషము, చిందు కనిపించును గాని కథ వినిపించదు.

ఈ ప్రాంతపు జానపద వాద్యకారులకు ఇటీవల జాతీయ గుర్తింపు లభించినది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో, నారాయణపేట జిల్లాకు చెందిన బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ పురస్కారాలు వచ్చినవి. అదే 2024లో చిందు యక్షగానానికి గాను జనగామ జిల్లాకు చెందిన గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ లభించినది.

సందర్శన

ఆలంపూరుకు హైదరాబాదు–కర్నూలు జాతీయ రహదారిపై ఆలంపూర్ చౌరస్తా వద్ద దిగి పోవలెను. గద్వాల, వనపర్తి దీనితో కలిపి చూడదగినవి. పానగల్లు, నాగార్జునసాగర్ ఒక దారిలో వచ్చును. సాగర్ వద్ద 2022 మేలో ప్రారంభమైన బుద్ధవనము 274 ఎకరాలలో ఉన్నది. నాగార్జునకొండ మ్యూజియమునకు శుక్రవారం సెలవు. లాంచీలు నీటిమట్టాన్ని, గాలిని బట్టి నడచును. కోటలలో విద్యాసంస్థలున్న చోట ముందుగా వారి అనుమతి తీసుకొనవలెను. చిందు భాగోతానికి నిర్ణీత స్థలము, టికెట్టు లేవు. ఎల్లమ్మ పండుగలు, జాతరలు జరిగే ఊళ్ళలో పంటలు ఇంటికి చేరిన తరువాత విచారించిన ఎడల తెలియగలదు.