లవ్ కాలువ - నేల పొరలు

చెరువు అడుగున బంకమన్ను ఉంటే నీరు నిలుస్తుంది. ఇసుక ఉంటే ఇంకిపోతుంది. రైతులందరూ ఎరిగిన ఈ సంగతికి లెక్క కట్టినవాడు హెన్రీ డార్సీ అనే ఫ్రెంచి ఇంజనీరు. ఇసుక నింపిన గొట్టం గుండా నీటిని పోనిచ్చి ఆయన 1856లో ఒక సూత్రాన్ని ప్రకటించినాడు. నీటిమట్టాల భేదం ఎక్కువైన కొద్దీ ప్రవాహం పెరుగుతుంది. పొర మందం హెచ్చిన కొద్దీ తగ్గుతుంది. పొర యొక్క పారగమ్యత, అనగా నీటిని తన గుండా పోనిచ్చే గుణం, మూడవ అంశం.

చెత్త పూడ్చిన చోట కురిసిన వాన, చెత్తలోని పదార్థాలను కరిగించుకొని అడుగుకు దిగుతుంది. ఈ ఊటనీరు భూగర్భజలంలో కలియకుండా బంకమన్ను ఒక్కటే కాపాడగలదా? ఇందుకు సమాధానం అమెరికాలోని లవ్ కాలువ చరిత్రలో ఉన్నది.

నయాగరా నదీజలాలతో విద్యుచ్ఛక్తి తీయడానికి విలియం లవ్ అనే వ్యక్తి 1890లలో న్యూయార్కు రాష్ట్రంలో ఈ కాలువను ప్రారంభించినాడు. మైలు దూరమైనా సాగకముందే పని ఆగిపోయినది. 1942 నుండి 1953 వరకు హుకర్ అనే రసాయన సంస్థ ఆ గోతిలో సుమారు 21,000 టన్నుల వ్యర్థ రసాయనాలను పూడ్చి, పైన మట్టి కప్పినది. 1953లో ఆ స్థలాన్ని ఒక్క డాలరుకు స్థానిక విద్యామండలికి ఇచ్చివేసినది. అక్కడ పాఠశాల, చుట్టూ ఇండ్లు వెలసినవి.

ఆ నేలలో పైన కొద్ది అడుగుల మేర ఒండ్రు కలిసిన ఇసుక, దాని క్రింద బంకమన్ను, ఆ క్రింద హిమానీనదాలు విడిచిన మట్టి, అట్టడుగున డోలమైటు శిల ఉన్నవి. బంకమన్ను నీటిని క్రిందికి సులభంగా దిగనీయలేదు. కాని వాననీరూ, కరిగిన మంచూ పైకప్పు గుండా లోనికి చేరుతూనే ఉన్నవి. తూము లేని తొట్టివలె గొయ్యి నిండినది. 1970లలో వానలు, మంచు అధికంగా కురిసినప్పుడు మట్టం పైకి వచ్చి ఇసుక పొరను తాకినది. అక్కడినుండి ఊట ప్రక్కలకు సాగి, ఇండ్ల నేలమాళిగలలోనికి చేరినది. 1978 ఆగస్టులో అత్యవసర పరిస్థితి ప్రకటించి, కుటుంబాలను తరలించవలసి వచ్చినది. ఇట్టి స్థలాలను శుభ్రపరచడానికి 1980లో అమెరికా ప్రత్యేక చట్టం చేసినది.

చేసిన మరమ్మత్తు గమనింపదగినది. గోతి చుట్టూ కాలువలు త్రవ్వి, గొట్టాలు వేసి, చేరిన ఊటను శుద్ధి చేసినారు. పైన బంకమన్ను కప్పినారు. అనగా తొట్టికి తూము, మూత రెండూ అమర్చినారన్నమాట.

1991లో అమెరికా చేసిన నిబంధనలలో ఈ రెండు సంగతులూ కలవు. క్రొత్త చెత్తగుంటల అడుగున రెండడుగుల మందాన దిమ్మిస చేసిన మట్టి, దానిపై ప్లాస్టిక్ పొర ఉండవలెను. ఆ మట్టి పారగమ్యత సెకనుకు సెంటీమీటరులో కోటవ వంతుకు మించరాదు. ఊటను ఎప్పటికప్పుడు తీసివేస్తూ, దాని లోతు 30 సెంటీమీటర్లు దాటనీయరాదు. నీటిమట్టం పెరిగితే ప్రవాహమూ పెరుగుతుందని డార్సీ చెప్పినదే ఇక్కడ వర్తించినది.

లవ్ కాలువ వద్ద ఊటను తోడి శుద్ధి చేసే పని నేటికీ సాగుతున్నది.