ఏ దేశం కొరకు చదివారు?

ఒమాన్ రాజధాని మస్కట్‌కు పడమట, సీబ్ మండలంలో, సముద్రతీరాన అల్ హైల్ అనే పేట ఉన్నది. పెద్ద రహదారి దానిని రెండుగా చీలుస్తుంది. కడలి వైపుది ఉత్తర అల్ హైల్, కొండల వైపుది దక్షిణ అల్ హైల్. దగ్గరలోనే అల్ ఖౌద్‌లో సుల్తాన్ ఖాబూస్ విశ్వవిద్యాలయం ఉన్నది. దేశాభిమానం పిల్లవానిచేత పుస్తకం పట్టించగలదా అని ఆలోచించేవారు ఈ చోటి చరిత్రను చూడవలె. మన దక్షిణాఫ్రికా నుండి కూడ ఉపాధ్యాయులు గల్ఫ్ దేశాలకు పోయి పాఠాలు చెబుతున్నారు గనుక, ఈ సంగతి మన పాఠకులకు మరీ దూరమైనది కాదు.

1970 జూలై 23న ఖాబూస్ తన తండ్రిని తొలగించి సింహాసనం ఎక్కేనాటికి ఒమాన్ అంతటికీ ప్రభుత్వ బడులు మూడే. చదివేవారు 900 పైచిలుకు, అందరూ మగపిల్లలే. పైచదువు కోరిన యువకులు బహ్రెయిన్, కువైట్, కైరో దారి పట్టేవారు. వెళ్లినవారిలో చాలమందికి తిరిగి వచ్చే దారి మూసుకుపోయేది. కొత్త సుల్తాన్ వారందరినీ ఇంటికి రమ్మని పిలిచాడు. 1964 విప్లవం తరువాత జాంజిబార్ నుండి చెదరిపోయిన ఒమానీ కుటుంబాలు కూడ వచ్చి చేరాయి. కట్టడాలు లేనిచోట గుడారాలలో, చెట్ల నీడన బడి పెట్టారు. గురువులు ఈజిప్టు, సూడాన్, జోర్డాన్‌ల నుండి వచ్చారు. అయిదారేళ్లలో విద్యార్థులు 55 వేలు దాటారు. విశ్వవిద్యాలయం కడతామని 1980లో ప్రకటించి, 1986లో తెరిచారు.

ఆ తరాన్ని చదివించినవి ఉపన్యాసాలు మాత్రమే కావని మా అభిప్రాయం. ఊరిలో వైద్యుడు లేడు, బడిలో పంతులు పరదేశి. చదివి వచ్చినవానికి ఖాళీ కుర్చీ కళ్లెదుట కనిపించేది. చమురు ఎగుమతి 1967లోనే మొదలైంది గనుక జీతమిచ్చే సొమ్మూ ఉన్నది. దేశభక్తీ బ్రతుకుతెరువూ అక్కడ ఒకే బండికి కట్టిన ఎద్దులయ్యాయి.

అదే నేలపై మన భాష మాట్లాడే పిల్లల సంగతి వేరు. మస్కట్‌లో ఇండియన్ స్కూలు 1975లో మొదలైంది. అందులో చదివేది భారతదేశపు పాఠ్యక్రమం. అక్కడ పుట్టినంత మాత్రాన తెలుగు బిడ్డకు ఒమాన్ పౌరసత్వం రాదు. తండ్రి కొలువు ఉన్నంతవరకే ఇల్లు. "దేశం కొరకు చదువుతాను" అని వ్యాసంలో వ్రాసేటప్పుడు ఆ బిడ్డ మనసులో ఉన్నది ఏ దేశం?

ఈ ప్రశ్న మనకు పాతదే. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరం వచ్చి ఉపన్యసించినప్పుడు విద్యార్థులు వందేమాతరం బిళ్లలు పెట్టుకొని తరగతులకు పోయారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని ట్రైనింగ్ కళాశాల నుండి వెళ్లగొట్టారు. అక్కడ దేశభక్తి చదువునే బలి అడిగింది. అందుకు బదులుగా అన్నట్లు 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల లేచింది. ఇవి జరుగుతున్న రోజులలోనే మద్రాసు రేవు నుండి కూలి ఓడలు నేటాల్‌కు నడుస్తూ ఉన్నాయి. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ డర్బన్ చేరినది మొదలు 1911 వరకు లక్షన్నర మందికి పైగా వచ్చారు. వారిలో మన తాతముత్తాతలు ఉన్నారు. వారు విడిచి వచ్చిన గడ్డపై కొత్త దేశాభిమానం పుట్టింది, వారు దిగిన గడ్డపై వారికి దేశమే లేదు.

1927 కేప్‌టౌన్ ఒప్పందం ఒక చేత్తో చదువు చూపి, రెండవ చేత్తో తిరుగు ఓడ చూపింది. ఉండేవారిని పైకి తీసుకురావలె, పోయేవారికి డబ్బిచ్చి పంపవలె అన్నది దాని సారం. ఆ ఏడే భారత ప్రభుత్వ మొదటి ఏజెంటుగా వచ్చిన శ్రీనివాసశాస్త్రి గారు ఉన్నత పాఠశాల కావాలన్నారు. పొమ్మంటున్న దేశంలో మనవారు చందాలు వేసుకొని బడి కట్టారు! శాస్త్రి కళాశాల 1929లో తెరుచుకున్నది. ఆ ఏడే మన ఆంధ్రుడు కూర్మా వెంకటరెడ్డి నాయుడు గారు ఏజెంటుగా వచ్చారు. 1931లో ఆంధ్ర మహాసభ ఏర్పడింది. ఒమానీ యువకునికి కుర్చీ ముందే వేసి ఉన్నది. మనవారు చదువు ముగించి, కుర్చీ కొరకు నిలబడ్డారు.

భారతీయులు ఈ దేశపు శాశ్వత ప్రజలేనని ప్రభుత్వం ఒప్పుకున్నది 1961లో. అందరితో సమానమైన ఓటు వచ్చినది 1994లో. 1930లో శాస్త్రి కళాశాల బల్లపై కూర్చున్న పదిహేనేళ్ల బాలుడు బ్రతికి ఉంటే, ఓటు వేసేనాటికి అతనికి 79 ఏళ్లు. అట్టివారిలో ఉపాధ్యాయులైనవారు ఈ మధ్యకాలమంతా తరగతిలో దేశం గురించి ఏమి చెప్పారో, వారి శిష్యులు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు, అడిగి వ్రాసుకోవచ్చును.