గ్రంథస్వామ్యమునకు గల యెల్లలు

ఈ నడుమ మా యూరి యువకులు కొందఱు నాయొద్దకు వచ్చిరి. రామాలయ జీర్ణోద్ధరణమునకై వారొక నాటకమును ప్రదర్శింపదలచిరట. పుస్తకము తొలిపుటలో "సర్వహక్కులును గ్రంథకర్తవి" అని యచ్చుపడియుండుట చూచి జంకిరి. "తాతగారూ, మేమాడినచో తప్పగునా?" అని యడిగిరి. వారికి నేను చెప్పిన సమాధానము వెనుక మున్నూఱేండ్లకు మించిన చరిత్ర కలదు. దానినే నేడు మీకు మనవి చేసెదను.

ఇంగ్లండు దేశమున ఆన్ రాణి కాలమున, 1710లో, ఒక చట్టము వచ్చెను. అంతకుముందు అచ్చుహక్కు లండను పుస్తకవర్తకుల సంఘము చేతిలో నుండెడిది. ఈ చట్టము హక్కును రచయితకును, అతనివద్ద కొన్నవానికిని ఇచ్చినది. కాని గడువు పెట్టినది. క్రొత్త పుస్తకమునకు 14 ఏండ్లు. అప్పటికి రచయిత జీవించియున్నచో మఱి 14 ఏండ్లు. వర్తకులకిది రుచింపలేదు. కొన్న పొలము తరతరములకు చెల్లుచుండగా, కొన్న పుస్తకమునకు గడువేల యని వారి వాదము.

జేమ్స్ థామ్సన్ అను కవి 1748లో గతించెను. ఆయన ఋతువర్ణన కావ్యమును ఎడింబరో వర్తకుడు అలెగ్జాండర్ డోనాల్డ్‌సన్ గడువు తీరినపిదప అచ్చువేయగా, లండను వర్తకులు వ్యాజ్యము తెచ్చిరి. 1774 ఫిబ్రవరి 22న ప్రభువుల సభ తుదితీర్పు చెప్పెను: అచ్చయిన గ్రంథముపై శాశ్వతహక్కు లేదు, చట్టము పెట్టిన గడువే గడువు. పొలమును ఇద్దఱు దున్నిన తగవు పుట్టును. పుస్తకమును వేయిమంది చదివినను తరుగదు గదా!

మన దేశపు 1957 నాటి చట్టము రచయిత మరణానంతరము 50 ఏండ్లు గడువిచ్చినది. 1941లో గతించిన రవీంద్రనాథ ఠాగూరు రచనలకు ఆ గడువు తీరు తరుణమున, 1992 నాటి సవరణచే అది 60 ఏండ్లాయెను. అయినను ఆ చట్టపు 52వ సెక్షను గడువులోపల సైతము కొన్ని వాకిళ్లు తెఱచియుంచినది. స్వంత చదువునకు తగుమేర వాడుకొనవచ్చును. విమర్శయందు ఉదాహరింపవచ్చును. పూజలలో, పెండ్లి ఊరేగింపులలో పాటలు పాడవచ్చును. వృత్తినటులుకాని వారి సంఘము రుసుము లేకుండగాని, ధర్మసంస్థయగు దేవాలయము వంటిదాని సహాయార్థముగాని నాటకమాడవచ్చును.

కావున ఆ యువకులతో, "నిశ్చింతగా ఆడుడు. రచయిత పేరు మాత్రము మొదట చెప్పుడు, ఆ పుస్తకమును మీరచ్చువేసి యమ్ముకొనకుడు" అంటిని. వ్రాసినవాని శ్రమకు ఫలము దక్కవలెను. వ్రాసినది లోకమునకు దక్కవలెను. ఆ రెండు చేల నడుమ పెద్దలు వేసిన గట్టే యీ చట్టము.