చలికాలానికి ముందు: పడమటి మండలాల్లో వంటచెరకు చరిత్ర

చిత్తూరు నుంచి మొగిలి ఘాటు ఎక్కి పలమనేరు వైపు వెళ్లే బస్సులో డిసెంబరు రాత్రి మీరెప్పుడైనా ప్రయాణం చేశారా? ఘాటు ఎక్కేలోపే కిటికీలు ఒక్కొక్కటిగా మూసుకుంటాయి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఆ పైనున్న పీఠభూమి మీద, సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. పుష్యమాసంలో రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీల కంటే దిగువకు రావడం ఇక్కడ మామూలే.

అయినా ఈ ప్రాంతపు ఇళ్లలో గదిని వెచ్చబరచడానికంటూ ప్రత్యేకమైన ఏర్పాటు ఏదీ కనిపించదు. గోడలో పొగగొట్టం ఉన్న నెగళ్లు దొరల బంగళాల అలవాటు. మన ఇళ్లలో అన్నం వండిన పొయ్యే చలి కాచుకునే చోటు. అందువల్ల చలికాలానికి సిద్ధపడడమంటే కట్టెలు సమకూర్చుకోవడమే. ఆ కట్టెలు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి, ఎవరి అనుమతితో తెచ్చుకోవాలి అన్న ప్రశ్నల దగ్గరే ఈ పాఠం మొదలవుతుంది.

ముందు రుతువుల సంగతి చూద్దాం. ఈ ప్రాంతానికి ఈశాన్య రుతుపవనాల వాన అక్టోబరు, నవంబరు నెలల్లో కురుస్తుంది. దాని వెనుకే చలి వస్తుంది. అంటే చలి ముదిరే నాటికి బయటి కట్టె అంతా తడిసి ఉంటుంది. పచ్చి కట్టె బరువులో దాదాపు సగం నీరే. దాన్ని పొయ్యిలో పెడితే మంట తన వేడిలో కొంత భాగాన్ని ఆ నీటిని ఆవిరి చేయడానికే ఖర్చు చేస్తుంది. ఇంటికి మిగిలేది పొగ. అందుకే ఎండాకాలంలోనే కట్టెలు కొట్టి, చీల్చి, ఆరబెట్టి, వానలకు ముందే కొట్టం కిందికో అటక మీదికో చేర్చేవారు. పిడకల గూడుకు గడ్డి కప్పేవారు. స్నానాల కాగు కింద తుంటలు పెట్టి, రాత్రికి నిప్పు మీద బూడిద కప్పి తెల్లవారేదాకా ఆరిపోకుండా కాపాడుకునేవారు. కురుబలు నేసిన నల్ల గొర్రెబొచ్చు గొంగళి ఒకటి ఇంట్లో ఉంటే అది తండ్రి నుంచి కొడుక్కి వచ్చే ఆస్తి. ఈ పనుల్లో కట్టెలు ఏరి మోపు కట్టి తెచ్చేది ఎక్కువగా ఆడవాళ్లు, పిల్లలు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ అవసరమవుతుంది.

ఈ మూడు ఊళ్ల చలి ఒకటే. కానీ 19వ శతాబ్దంలో వాటి మీద పెత్తనం ఒకరిది కాదు. మదనపల్లె కడప జిల్లాలోని రైతువారీ తాలూకా. అక్కడి బంజరు, అడవి నేరుగా ప్రభుత్వానివి. పుంగనూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఒక జమీందారీ. కుప్పం అదే జిల్లాలోని కంగుంది జమీందారీలోది. ఈ మూడూ ఒకే జిల్లాగా చేరింది 1911లో, చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు. కాబట్టి అంతకుముందు ఒక మోపు కట్టెల కోసం మదనపల్లె వైపు మనిషి సర్కారు మనిషిని తప్పించుకోవలసి వస్తే, పుంగనూరు, కుప్పం వైపు మనిషి జమీందారు మనుషులతో వ్యవహరించేవాడు.

మద్రాసు ప్రభుత్వం 1856లో హ్యూ క్లెగ్‌హార్న్‌ను అధిపతిగా పెట్టి అటవీ శాఖను ప్రారంభించింది. అప్పటికి దొరలకు అడవి అంటే ముఖ్యంగా నౌకల కలప, రైలు పట్టాల కింది దిమ్మెలు, ఇంజన్ల వంటచెరకు. జోలార్‌పేట నుంచి బెంగళూరుకు 1864లో రైలు వచ్చింది. ఆ దారి కుప్పం మీదుగానే పోతుంది. మద్రాసు రైల్వే ఇంజన్లు తొలి రోజుల్లో కట్టెలతో నడిచాయి. పొయ్యిలోకి పోవలసిన కట్టెకు ఇంజను పోటీదారు అయింది! ఇంజను చలి కాచుకోదు కానీ, దానికి ఏడాదంతా ఆకలే.

1882 మద్రాసు అటవీ చట్టంతో పరిస్థితి ఇంకా బిగిసింది. రిజర్వు అని ప్రకటించిన అడవిలో అనుమతి లేకుండా కట్టె కొట్టడం, పశువులను మేపడం, నిప్పు పెట్టడం నేరాలయ్యాయి. పట్టుబడినవారు కోర్టుకు వెళ్లకుండా రాజీ సొమ్ము కట్టి బయటపడే వీలు చట్టంలోనే ఉంది. కూలి మనిషికి ఆ సొమ్ము కూడా కొన్ని రోజుల తిండి. ఇక్కడ చరిత్ర విద్యార్థిగా మీరు ఒక సంగతి గమనించాలి. ఈ ప్రాంతంలో జనం చలికి ఎలా తట్టుకున్నారని ప్రభుత్వ దస్తావేజుల్లో వెతికితే దాదాపు ఏమీ దొరకదు. అటవీ శాఖ వార్షిక నివేదికల్లో నేరాల పట్టికలు తిరగేయండి. అనుమతి లేకుండా కట్టె కొట్టినవారి లెక్క అక్కడ ఉంటుంది. ఆ అంకెల్లో దొంగ వ్యాపారులూ ఉన్నారు, పొయ్యి వెలిగించుకోవడానికి వెళ్లినవారూ ఉన్నారు. పట్టిక వారిని విడదీయదు. ఆ పని మీరే చేయాలి.

రైతుల ఫిర్యాదులు పెరగడంతో ప్రభుత్వం 1913లో అటవీ కమిటీని నియమించింది. కొన్ని అడవులను పంచాయతీలకు అప్పగించే ఆలోచన దాని తరువాతే వచ్చింది. అయినా కోపం చల్లారలేదు. 1921లో సహాయ నిరాకరణ ఉద్యమ కాలంలో గుంటూరు జిల్లా పల్నాడుతో పాటు, మదనపల్లెకు పొరుగునే ఉన్న రాయచోటి తాలూకాలోనూ అటవీ సత్యాగ్రహం జరిగింది. పల్నాడు గురించి, 1922లో కాల్పులకు బలైన కన్నెగంటి హనుమంతు గురించి మీరు చదివే ఉంటారు. రాయచోటి పేరు పాఠ్యపుస్తకాల్లో అరుదు. నా అభిప్రాయంలో అది మన లోపమే. రెండుచోట్లా ప్రధాన సమస్య పశువుల మేత. కట్టెల మోపు దాని చాటున నిలబడింది. మోపు మోసినవారు సభల్లో మాట్లాడినవారు కాకపోవడం అందుకు ఒక కారణం.

జమీందారీ వైపు కథ ఆలస్యంగా మారింది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో పుంగనూరు, కంగుంది ప్రాంతాల అడవులు ప్రభుత్వ పరమయ్యాయి. ప్రైవేటు అడవుల విచ్చలవిడి నరికివేతను ఆపడానికి 1949లో మరో చట్టం వచ్చింది. జమీందారు పోయాడు, గార్డు వచ్చాడు. ఇప్పుడు కుప్పం, పలమనేరు మధ్య అడవిలో కౌండిన్య అభయారణ్యం ఉంది. ఏనుగుల మందలు తిరుగుతాయి. కట్టెలకు వెళ్లే ఆడవాళ్లకు గార్డు కంటే అదే పెద్ద భయం.

ఇదే ప్రభుత్వం ఇంకో పనీ చేసింది. 1877లో కడప జిల్లా కమలాపురంలో విదేశీ విత్తనాలతో సర్కారు తుమ్మను నాటించింది. మనం కంపచెట్టు అని తిట్టుకునేది దాన్నే. అది పొలాలను, చెరువులను ఆక్రమించింది, నిజమే. కానీ దాన్ని కొడితే అడ్డేవారు లేరు. ఎంత కొట్టినా మళ్లీ చిగురిస్తుంది. దాని బొగ్గు గట్టిది. అడవి మూసుకున్న పేదవాడి కుంపటి ఎన్నో ఏళ్లు దాని మీదే నడిచింది. మల్బరీ తోట ఉన్న రైతుకైతే ఏటా కత్తిరించే మల్బరీ పుల్లలు ఉండనే ఉన్నాయి.

మల్బరీ మాట వచ్చింది కనుక ఒక చిత్రం. ఈ ప్రాంతంలో నిజంగా గదిని వేడి చేయడానికి ముందుగా సిద్ధపడేది పట్టుపురుగుల కోసం. చిన్న పురుగులకు 26 నుంచి 28 డిగ్రీలు, పెద్దవాటికి 24, 25 డిగ్రీలు కావాలి. మార్గశిరం రాకముందే గది సందులు మూసి, కిటికీలకు గోనెపట్టాలు కట్టి, పొగరాని బొగ్గులు రాజేసి లోపల పెట్టేవారు. ఇప్పుడు కరెంటు హీటర్లు వచ్చాయి. షెడ్డు లేని రైతు పురుగులను ఇంట్లోనే పెంచేవాడు. అలాంటి ఇంట్లో వెచ్చని మూల పురుగులది, గొంగళి మనుషులది.

1999లో దీపం పథకంతో మహిళా సంఘాల సభ్యులకు గ్యాసు కనెక్షన్లు అందాయి. 2016లో ఉజ్జ్వల వచ్చింది. ఆడవాళ్ల కళ్లకు, ఊపిరితిత్తులకు ఇది పెద్ద ఊరట. ఇందులో రెండో మాట లేదు. కానీ గ్యాసు పొయ్యి అన్నం ఉడికాక ఆరిపోతుంది. దాని చుట్టూ ఎవరూ కూర్చోరు. చలికాచుకునే పని వంట నుంచి విడిపోయింది. అందుకే చాలా పల్లెల్లో వంట గ్యాసు మీద, స్నానాల నీళ్లు ఇంకా కట్టెల మీద.

విడిపోయిన ఆ పనిని కొందరు కుంపటితో పూరించుకుంటున్నారు. ఇక్కడ ప్రమాదం ఉంది. పాత పెంకుటింట్లో, బోద కొట్టంలో పైకప్పు సందుల నుంచి గాలి ఆడేది. నేటి స్లాబు ఇంట్లో తలుపులు బిగించి బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుంటే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. మనిషిని నిద్రలోనే చంపుతుంది. కుంపటి రాజేస్తే తలుపో కిటికీనో తెరిచి ఉంచాలి. పడుకునే ముందు దాన్ని బయట పెట్టాలి.

అభ్యాసం: మీ ఇంట్లో లేదా వీధిలో 70 ఏళ్లు దాటిన అవ్వను ఒకరిని కలవండి. ఆమె చిన్నప్పుడు కట్టెలకు ఏ గుట్టకు వెళ్లేది, ఎవరితో వెళ్లేది, దారిలో ఎవరైనా ఆపితే ఏమిచ్చి బయటపడేది అడిగి రాసుకోండి. ఆ గుట్ట అప్పట్లో సర్కారుదా, జమీందారుదా అన్నది తహసీల్దారు కార్యాలయపు పాత రికార్డుల్లో చూడండి. రెండూ పక్కపక్కన పెట్టి ఒక పేజీ రాసి, తరువాతి సంపర్క తరగతికి తీసుకురండి.