ఎర్రబురద నుండి ఉపయోగకర పదార్థాలు - చారిత్రక పరిశీలన

బాక్సైట్ ఖనిజాన్ని వేడి కాస్టిక్ సోడా ద్రావణంలో ఒత్తిడితో ఉడికించి అల్యూమినాను వేరుచేసే పద్ధతిని ఆస్ట్రియా రసాయన శాస్త్రవేత్త కార్ల్ యోసెఫ్ బేయర్ రూపొందించాడు. 1888, 1892 సంవత్సరాల్లో దానికి పేటెంట్లు పొందాడు. ఈ ప్రక్రియలో కరగకుండా మిగిలేదే ఎర్రబురద. టన్ను అల్యూమినాకు ఇంచుమించు టన్ను నుండి టన్నున్నర వరకు ఇది పోగుపడుతుంది. దీని నుండి ఉపయోగకర పదార్థాలను రాబట్టాలన్న ఆలోచన ఇటీవలి పర్యావరణ స్పృహ ఫలితమని సాధారణంగా భావిస్తారు. ఆ భావనను పునఃపరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

ఇనుము అధికంగా ఉన్న ఈ శేషాన్ని తగిన విధంగా శుద్ధిచేసిగాని, ఇతర ఇనుప ఖనిజాలతో కలిపిగాని కరిగించి ఇనుము తీయవచ్చని బేయర్ 1892 నాటి పేటెంటులోనే సూచించాడు. అంటే పునరుద్ధరణ ఆలోచన వయస్సు ప్రక్రియ వయస్సుతో సమానం. అయినా అది విస్తృతంగా ఆచరణకు రాలేదు. బురదలోని తేమ, అతిసూక్ష్మ రేణువులు, కొలిమి లోపలి పూతను దెబ్బతీసే సోడియం ఖర్చును పెంచాయి. మేలిరకం ఇనుప ఖనిజం అంతకంటే చౌకగా లభించింది.

గాలియం చరిత్ర ఇందుకు భిన్నం. 1871లో మెండలీవ్ ఊహించిన ఈ మూలకాన్ని 1875లో ఫ్రెంచి శాస్త్రవేత్త లెకోక్ ద బ్వాబోద్రాన్ కనుగొన్నాడు. బాక్సైట్‌లోని గాలియంలో గణనీయమైన భాగం కాస్టిక్ ద్రావణంలో కరుగుతుంది. ఆ ద్రావణాన్ని మళ్ళీ మళ్ళీ వాడడం వల్ల అందులో పోగుపడుతుంది. అర్ధవాహక పరిశ్రమకు అవసరం కావడంతో నేడు ప్రపంచ గాలియంలో అధికభాగం ఇక్కడి నుండే వస్తోంది. విలువ, గిరాకీ, అందుబాటు కలిసినచోట పునరుద్ధరణ సాగింది. లేనిచోట శేషం చెరువుల పాలైంది.

ఆ నిర్లక్ష్యపు మూల్యం 2010 అక్టోబరు 4న హంగేరిలో తెలిసింది. అయ్కా కర్మాగారపు బురద చెరువు గట్టు తెగి కొలొంతార్, దెవెచెర్ జనావాసాలను ముంచెత్తింది. పదిమంది మరణించారు.

ఈ చరిత్ర తెలుగు నేలకు దూరమైనది కాదు. ఒడిశాలోని దామంజోడిలో తయారైన అల్యూమినా విశాఖ ఓడరేవు ద్వారా విదేశాలకు వెళుతుంది. ఎర్రబురద మాత్రం కోరాపుట్ కొండల నడుమ మిగిలిపోతుంది. కనుక పునరుద్ధరణ ఖర్చును బురద నుండి తీసిన ఇనుము ధరతో మాత్రమే పోల్చడం అసమగ్రం. ఆ బురదను తరతరాలు కాపలా కాయడానికయ్యే ఖర్చును కూడా ఆ లెక్కలో చేర్చాలి. బేయర్ సూచనను నూటముప్పై ఏళ్ళుగా పక్కన పెట్టింది విజ్ఞాన లోపం కంటే ఈ లెక్కలోని లోపమేనని చెప్పవచ్చు.